హెడ్మాస్టరుగారింటికి మార్కులు

"అంతా బాగానే ఉంది. నువ్వు పొద్దున్నే కత్తెర పుచ్చుకుని పోతే ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నారు హెడ్మాస్టరుగారు, రొట్టెముక్క కూరలో అద్దుకుంటూ.

ఆయన ఉద్యోగం దిగిపోయి చాలాకాలమైంది. అయినా వీధిలో అందరికీ ఆయన హెడ్మాస్టరుగారే. ఇంట్లో కూడా అంతే. ఆయన వేసే ప్రశ్నలకి జవాబులు ఆయన దగ్గరే సిద్ధంగా ఉంటాయి, ఎదుటివాళ్ళని అడగడం మర్యాద కోసం. కోడలు పొయ్యి దగ్గర నిలబడి పెనం మీద రొట్టె తిరగేస్తోంది. ప్రశ్న తనకేనని తెలిసినా వెనక్కి తిరగలేదు. తిరిగితే కళ్ళలో నీళ్ళు నలుగురికీ కనబడతాయి.

ఆ సాయంత్రమే కబురొచ్చింది. రెండు వీధుల అవతల ఆస్పత్రులకి యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపు ఉంది. పెళ్ళికి ముందు కోడలు అక్కడే కటింగ్ బల్ల దగ్గర పనిచేసేది. ఇప్పుడు గుడ్డ కోసే మనిషి ఊరు మారి వెళ్ళిపోతోందట. ఓనరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, "నీ చెయ్యి నాకు తెలుసమ్మా. సోమవారం నుంచి రా. శనివారంలోగా ఏ సంగతో చెప్పెయ్, లేకపోతే ఇంకొకర్ని చూసుకుంటా," అని చెప్పి, ఇచ్చిన టీ కూడా సగమే తాగి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ కోడలి వేళ్ళు ఊరుకోవడం లేదు. బల్లమీది గుడ్డ అంచులు సరిచేస్తూ, తువ్వాళ్ళు మడతకి మడత కలిపి నొక్కుతూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాయి.

"ఇల్లు ఎవరు చూస్తారు అంటున్నాను," అన్నారు హెడ్మాస్టరుగారు మళ్ళీ.

ఆయన కొడుకు, అంటే కోడలి మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పదంతస్తుల మేడ మీద తాడు పట్టుకుని వేలాడమంటే వేలాడతాడు గాని, తండ్రి ఎదుట తలెత్తడు. కంచంలోకి చూస్తూ, "అదీ నిజమే," అన్నాడు. అత్తగారు మాత్రం ఏమైనా అంటుందేమోనని కోడలు ఒక్క క్షణం ఆశపడింది. అత్తగారు మోకాలు నిమురుకుంటూ, "ఏమండీ, ఇంకో రొట్టె వేయమంటారా?" అంది.

అంతటితో ఆ సంగతి ముగిసిపోయింది. కోడలు ఇంకో రొట్టె వేసింది. తర్వాత హెడ్మాస్టరుగారి కళ్ళజోడు వెతికిపెట్టింది, మొగుడి పని బట్టలు నానబెట్టింది, కూతురు చిన్నదాని చేత పాఠం అప్పజెప్పించుకుంది. అందరివీ అయ్యాక గిన్నెలో అడుగున మిగిలిన కూర నిలబడే తినేసింది. అత్తయ్య ఒక్క మాట సాయం పట్టి ఉంటే ఏం పోయేది అనుకుంది. మొగుడి మీద కన్నా, మావగారి మీద కన్నా, ఆవిడ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మర్నాడు అత్తగారు ఎదురింటికి వెళ్ళింది. చాలాసేపటి తర్వాత తిరిగొచ్చి, పేపరు చదువుకుంటున్న మొగుడి పక్కన కూలబడి, "పోస్టుమాస్టరుగారింటికి మార్కులొచ్చాయటండీ," అంది.

"మార్కులేమిటి?"

"ఇంటికి. కాలేజీలో కుటుంబ జీవనం అని ఒక చదువు ఉందట. ఆ చదివేవాళ్ళకి మొదట మనుషుల శాస్త్రం చెబుతారట... సాంఘిక మానవ శాస్త్రమో ఏదో. ఒక అమ్మాయి వచ్చి నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని చూసి పోతుందట. వీళ్ళింటికి పోయిన నెల వచ్చిందట. చాలా మంచి మార్కులట."

పేపరు కిందికి దిగింది. ఎదురింటి పోస్టుమాస్టరుకీ ఈయనకీ బద్ధ వైరం ఏమీ లేదు. కాకపోతే ఇద్దరూ ఒకే ఏడు రిటైరయ్యారు, ఒకే మెట్లమీద రోజూ ఎదురుపడతారు, ఎవరి మొక్కలు బాగా పెరిగాయో ఒకరికొకరు చూపించుకుంటారు. "ఆ మనిషికి మంచి మార్కులా? జన్మలో తన గ్లాసు తను కడుక్కున్నాడా?"

"ఆ అమ్మాయి ఉన్న నాలుగు రోజులూ కడిగారట. అదే కిటుకు. ఇంట్లో పని అందరూ పంచుకుంటే మార్కులు ఎక్కువట. కోడలొక్కతే చేస్తూ కనబడిందో, ఇక అంతేనట."

"ఎవరన్నారు?"

"ఎవరంటే... అందరూ అంటున్నారు. మార్కుల సంగతి ఆ అమ్మాయిని మాత్రం అడక్కూడదటండోయ్. అడిగితే కోసేస్తారట." అత్తగారు మోకాలు పట్టుకుని లేచింది. "రేపట్నుంచి మనింటికి వస్తుంది. ఎదురింటావిడ చెప్పింది, నేను సరే అన్నాను. మీకు ఇబ్బందైతే వద్దని చెప్పేస్తాను లెండి, మనకెందుకొచ్చిన గొడవ."

"వద్దనడం దేనికి?" అన్నారు హెడ్మాస్టరుగారు. జీవితమంతా ఇతరులకి మార్కులు వేసిన మనిషి, ఒక్కసారిగా బల్లకి ఇవతలి వైపున కూర్చోవాల్సి వచ్చేసరికి చొక్కా గుండీలు సర్దుకున్నారు. ఆ సాయంత్రం కొడుకునీ మనవరాలినీ పిలిచి ఎవరికి ఏ పనో పంచిపెట్టారు. కోడలికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. "నువ్వు కుర్చీలో కూర్చో. చాలు," అన్నారు.

కాలేజీ అమ్మాయి చెప్పిన వేళకే వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద సంచీ, గడప దాటగానే కాలి చెప్పులు ఎక్కడ వదలాలా అని బెరుకుగా చూసే చూపు. ఇంట్లోవాళ్ళంతా స్కూలు తనిఖీ రోజున నిలబడ్డట్టు వరసగా నిలబడి ఉంటే, పాపం, ఆ అమ్మాయికి మాట పెగల్లేదు.

"నేను మీకేమీ అడ్డం రానండీ," అంది చివరికి. "మీ పని మీరు చేసుకోండి. నేను చూస్తూ కూర్చుంటాను. ఏదైనా తెలియకపోతే అడుగుతాను."

"రాసుకోవా అమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"మీ ఎదురుగా రాయకూడదని మా మేడమ్ చెప్పారు సార్. ఇంటికెళ్ళి రాసుకుంటాను."

హెడ్మాస్టరుగారి గుండెల్లో రాయి పడింది. కాగితం మీద పెడితే కళ్ళజోడు సర్దుకుంటూ పక్కనుంచి తొంగి చూడొచ్చు. బుర్రలో పెట్టుకుంటే ఎలా చూడడం? ఆయన భార్యవైపు చూశారు. 'చూశారా, నేను చెప్పలేదూ' అన్నట్టు ఆవిడ తలూపింది.

ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పమని ఆ అమ్మాయి అడిగింది. భోజనాల బల్ల మీద పరిచిన నల్ల రెక్సిన్ చూసి, ఏమైనా సుద్దముక్క ఉందా అంది. కోడలు లేచి డబ్బాలోంచి గుడ్డమీద గీతలు గీసే సుద్దబిళ్ళ తెచ్చి ఇచ్చింది. ఆ అమ్మాయి బల్లమీద ఒక త్రికోణం, ఒక వృత్తం గీసి మధ్యలో రెండు అడ్డగీతలు కలిపింది. "మా శాస్త్రంలో మగవాళ్ళు త్రికోణాలు, ఆడవాళ్ళు వృత్తాలు. ఈ జంట గీతలు పెళ్ళి. ఇదిగో, ఇలా కిందికి దిగితే పిల్లలు."

"పైనున్న త్రికోణం నేనా?" అన్నారు హెడ్మాస్టరుగారు సంతోషంగా.

"మేం సున్నాలమా?" అంది అత్తగారు.

"సున్నా కాదండీ, వృత్తం."

"ఏ పేరు పెట్టినా లోపల ఖాళీయేగా తల్లీ."

ఆ అమ్మాయి నవ్వేసింది. బెరుకు కాస్త తగ్గింది. "ఎవరు ఎవరికి ఏమవుతారని అడిగితే అందరూ టకటకా చెప్పేస్తారు. మావగారు, కోడలు, మనవరాలు అని. ఆ పిలుపు వెనకాల ఎవరు ఎవరికి ఏం చేస్తున్నారో చూడ్డమే మాకు మొదటి పాఠం. అవి బాణాలతో చూపిస్తాం." అనగానే హెడ్మాస్టరుగారు సుద్దబిళ్ళ అందుకుని పై త్రికోణం నుంచి అందరి మీదికీ బాణాలు గీసి పారేశారు. ఇది విద్య, ఇది క్రమశిక్షణ, ఇది సలహా అని ఒక్కొక్కదాన్నీ తట్టి చూపించారు. అత్తగారు తడిగుడ్డ తెచ్చి మొత్తం తుడిచేసి, "టీ ఎవరు పెడుతున్నారివాళ?" అంది.

"నేనే. రోజూ నేనే కదా," అన్నారు హెడ్మాస్టరుగారు.

రోజూ టీ పెట్టే మనిషి పంచదార డబ్బా కోసం గోధుమపిండి డబ్బా, పప్పుల డబ్బా, సబ్బు పొడి డబ్బా వరసగా మూతలు తీసి చూశాడు. వడకట్టు కోసం అరలన్నీ లాగాడు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. కోడలు కుర్చీలో ముళ్ళమీద కూర్చున్నట్టుంది. పాలు పొంగుతుంటే చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు, గభాల్న లేచింది.

"కూర్చో!" అంది అత్తగారు. ఎంత కఠినంగా అందంటే, కాలేజీ అమ్మాయి కూడా కుర్చీలో సర్దుకుని నిటారుగా కూర్చుంది.

కోడలు కూర్చుంది. ముఖం ఎర్రబడింది. పరాయి పిల్ల ఎదుట అలా కసురుకోవాలా? మార్కులు పోతాయని భయం కాబోలు అనుకుంది. టీ వచ్చింది. అందులో పంచదారకి బదులు ఏం పడిందో అని అందరూ భయపడ్డారు గాని పంచదారే పడింది, కాకపోతే గ్లాసుకి రెండు గ్లాసుల పంచదార. హెడ్మాస్టరుగారు తొలి గుక్క మింగి, "ఇవాళ కొంచెం తీపి ఎక్కువైనట్టుంది," అన్నారు గంభీరంగా.

ఆ అమ్మాయి వెళ్ళిన మరుక్షణం ఆయన సోఫాలో వాలిపోయారు. "అమ్మయ్య. కోడలా, ఆ వంటిల్లు కాస్త చూడమ్మా. నా కళ్ళజోడు ఎక్కడ పెట్టాను?" వంటిల్లంటే అలా ఇలా లేదు. పొయ్యి చుట్టూ మాడిన పాలు, నేలంతా టీపొడి. రోజూ చేసే పనికి రెట్టింపు పని చేసి కోడలు నడుం వాల్చింది. ఇలా నాలుగు రోజులు గడిస్తే శనివారం కూడా గడిచిపోతుంది అనుకుంది.

రెండో రోజు పొద్దున మొగుడు చిన్నదానికి జడ వేశాడు. అతనికి తెలిసిన అల్లిక లిఫ్టు తాళ్ళదే, దాన్నే జుట్టుకి పెట్టాడు. జడ ఇనపకడ్డీలా నిలబడింది గాని, స్కూలు నుంచి తిరిగొచ్చేదాకా ఒక్క వెంట్రుక కదల్లేదు. చిన్నది తెగ మురిసిపోయి, రేపు కూడా నాన్నే వెయ్యాలని పేచీ పెట్టింది. లోపల హెడ్మాస్టరుగారు బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నారు. చెక్కుతోపాటు సగం దుంప పోతోంది. కోడలికి చూపు మరల్చుకోవడం చేతకాలేదు. మళ్ళీ లేవబోయింది. అత్తగారి చూపు తగిలి ఆగిపోయింది.

కాలేజీ అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుని నెమ్మదిగా అడిగింది. "అక్కా, మీకేం పని ఇష్టం?"

ఇలాంటి ప్రశ్న తనని ఎవరూ అడగలేదని కోడలికి అడిగాకే తెలిసింది. చేతులు చూసుకుంది. "గుడ్డ కొయ్యడం," అంది.

"కుట్టడమా?"

"కుట్టడం కాదు, కొయ్యడం. కుట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. తప్పు కుడితే విప్పొచ్చు, తప్పు కోస్తే ఇంక అతకదు." అక్కణ్ణించి మాట దానంతటదే సాగింది. బల్లమీద పొర మీద పొర పరవాలి. ఒక్కో పొర వేశాక అరచేత్తో గాలి బయటికి తోలాలి, లేకపోతే కింది పొరలు పైవాటికన్నా చిన్నవైపోతాయి. పడుగు, అంటే నేతలో పొడుగు పోగు, నిలువుగా ఉందో లేదో రెండు వేళ్ళతో సాగదీసి చూసుకోవాలి. అడ్డంగా పెట్టి కోశావా, నాలుగు ఉతుకులకే ప్యాంటు కాలు చుట్టూ మెలి తిరుగుతుంది. నర్సు పాపం రోజంతా అది సర్దుకుంటూ తిరగాలి. కత్తెర కింది బ్లేడు బల్లని వదలకూడదు. వదిలితే గీత వంకర పోతుంది. చెబుతూ చెబుతూ కోడలు ఒళ్ళో ఉన్న పాత పేపరు మీద చూపుడువేలితో భుజం గీత గీసింది, మెడ గీత గీసింది. ఆ అమ్మాయి కళ్ళార్పకుండా వింటోంది.

ఉన్నట్టుండి వంటింట్లో చప్పుడు ఆగిపోయిందని కోడలికి తెలిసింది. తలెత్తి చూస్తే, గుమ్మంలో హెడ్మాస్టరుగారు తడి చేతులతో, ఒక చేతిలో సగం చెక్కిన దుంపతో నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి ఉన్నారో. ఆయన లోపలికి వెళ్ళిపోయారు. కోడలు నాలిక్కరుచుకుంది. ఎక్కువ వాగానేమో అనుకుంది.

మూడో రోజుకి వింత జరిగింది. హెడ్మాస్టరుగారికి గిన్నెలు కడగడంలో రుచి తెలిసింది. క్లాసులో బెంచీలు సర్దినట్టు ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, చివర జిడ్డు గిన్నెలు అని ఒక క్రమం పెట్టుకున్నారు. కొడుకు మూకుడు తెచ్చి గ్లాసుల్లో పడేస్తే ఒంటికాలి మీద లేచారు. "బుద్ధి ఉందిరా నీకు? ఆ జిడ్డంతా వీటికి పట్టదూ?" గ్లాసు కిటికీ వెలుతురుకి పట్టి చూసుకుని ముచ్చటపడుతున్నారు. టీలో పంచదార సరిపోయింది. దుంపల కూర ఒక పక్క మాడినా రెండో పక్క నిజంగా బాగుంది.

అది చూసి కోడలికి సంతోషం కలగాలి. కలగలేదు. నేను లేకపోతే ఇల్లు నడవదన్న మాట తనని కట్టిపడేసిన మాటే. అయినా ఇన్నాళ్ళూ అదే తన విలువ కూడా. ఇప్పుడు చూస్తూ చూస్తూ ఇల్లు నడిచిపోతోంది. కాస్త కుంటుకుంటూనే అనుకో, అయినా నడుస్తోంది. మరి ఇంతకాలం నేను చేసిందేమిటి? ఎవరైనా చెయ్యగల పనేనా? కోడలు ఎవరూ చూడకుండా పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. అత్తగారు చూసింది.

సాయంత్రం ఆ అమ్మాయి మెట్లు దిగగానే మళ్ళీ మామూలే. కళ్ళజోడు, వేణ్ణీళ్ళు, తువ్వాలు. హెడ్మాస్టరుగారు నడుం పట్టుకుని, "రేపొక్కరోజు గట్టెక్కితే చాలు," అన్నారు. కోడలు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అప్పటికి ఆవిడ ఒక నిర్ణయానికి వచ్చేసింది. రేపు ఓనరమ్మకి రాలేనని కబురు పంపాలి. అనుకున్నాక కాస్త తేలికగా ఉంటుందేమో అనుకుంది, ఉండలేదు.

శనివారం మధ్యాహ్నం కాలేజీ అమ్మాయి సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. అందరికీ పేరుపేరునా దండం పెట్టింది. ఇన్ని రోజులు చూడనిచ్చినందుకు చాలా థాంక్సండీ అంది. హెడ్మాస్టరుగారు గుమ్మం దాకా వచ్చారు. వెనక్కి వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. అడక్కూడదని తెలుసు. అయినా పరీక్ష రాసిన పిల్లాడి ప్రాణం ఆయనలో కొట్టుకుంటోంది.

"అమ్మాయ్... అడక్కూడదనుకో. అయినా... మాకు ఎన్ని వస్తాయంటావ్?"

"ఏవండీ?"

"అవే. మార్కులు."

ఆ అమ్మాయి తెల్లమొహం వేసింది. "మార్కులు నాకు వేస్తారు సార్, నేను రాసే వ్యాసానికి. ఇళ్ళకి మార్కులేమిటి?"

"ఎదురింటికి ఇచ్చారటగా?"

"ఎదురింటికి మా క్లాసువాళ్ళెవరూ రాలేదే! మీ ఇంటికి రమ్మని అమ్మగారే మా కాలేజీకొచ్చి మేడమ్‌తో చెప్పి వెళ్ళారు."

అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. అత్తగారు కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆ మోకాళ్ళతో మెట్లు దిగి, బస్సెక్కి, కాలేజీ దాకా వెళ్ళిన మనిషి, ఏమీ ఎరగనట్టు కాయ చీల్చి గింజలు గిన్నెలోకి దొర్లిస్తోంది.

హెడ్మాస్టరుగారి ముఖం ముందు తెల్లబడి తర్వాత కందగడ్డ అయింది. అరుస్తారనుకుంది కోడలు. ఆయన నోరు తెరిచేలోగా కాలేజీ అమ్మాయి, తనేదో తప్పు మాట్లాడానని కంగారుపడి, ఆయన్ని ఓదార్చబోయింది. "మీరేం బాధపడకండి సార్. ఇలా జరుగుతుందని మాకు ముందే చెప్పారు. కొత్తవాళ్ళ ఎదుట ఏ ఇల్లైనా మొదట నటిస్తుందిట. పంచదార డబ్బా కోసం మీరు వెతుకుతున్నప్పుడే నాకు అర్థమైంది. అవన్నీ నేను నిజమని రాయనులెండి."

ఓదార్పు ఎలా ఉండకూడదో అలా ఉంది అది. "నటనా?" అన్నారు హెడ్మాస్టరుగారు. గొంతు వీధిలోకి వినబడింది. "మొదటి రోజు సంగతి వదిలెయ్. నిన్నటి గిన్నెలు నటనా? ఇదిగో, ఈ వేలు చూడు! పొయ్యి మీద కాల్చుకున్నాను, ఇది కూడా నటించిందా? నిన్నటి దుంపల కూర తిన్నావా లేదా? నిజం చెప్పు, ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"మరి!"

"అయితే నటన కాదంటారు," అంది అత్తగారు, కాయల మీంచి తలెత్తకుండానే.

"ముమ్మాటికీ కాదు!"

"అంటే రేపు కూడా చేస్తారు."

"రేపేం ఖర్మ? ఎల్లుండి కూడా చేస్తాను. ఏం, చేతకాదనుకున్నావా?"

"నేనెందుకనుకుంటానండీ," అంది అత్తగారు. ఇప్పుడు తలెత్తింది. "ఎల్లుండి సోమవారం. ఇల్లు ఎవరు చూస్తారు అని ఆ రోజు మీరు అడిగితే నాకు జవాబు తోచలేదు. ఇప్పుడు మీరే చెప్పారు."

హెడ్మాస్టరుగారు భార్యవైపు చూశారు, కాలేజీ అమ్మాయి వైపు చూశారు, చివరికి కోడలివైపు చూశారు. నాలుగు మాటలతో ఆయన ఇప్పుడు అంతా తుడిచిపెట్టేయగలడు. ఆయనకి అది అలవాటే. కోడలు కుర్చీ అంచు పట్టుకుని నేలవైపు చూస్తూ కూర్చుంది.

"పడుగు నిలువుగా పెట్టకపోతే మెలి తిరుగుతుందన్నావు కదూ మొన్న?" అన్నారాయన.

"అవును మావయ్యగారూ."

"నా పాత ప్యాంటు ఒకటి అలాగే తిరుగుతుండేది. కుట్టినవాణ్ణి తిట్టాను. కోసినవాడిదన్నమాట తప్పు." ఆయన గొంతు సవరించుకున్నారు. "తెలిసినవాళ్ళు వెళ్ళి కొయ్యాలి మరి. తెలిసిన పని వదిలేసి ఇంట్లో కూర్చుంటే ఎలా?" అని, అక్కడ నిలబడలేక కుళాయి దగ్గరికి వెళ్ళి, అప్పటికే కడిగి ఉన్న గ్లాసు ఒకటి మళ్ళీ కడగడం మొదలుపెట్టారు.

అప్పుడు నోరు విప్పాడు కొడుకు. "నేను పొద్దుటి షిఫ్టు వదులుకుంటానని మా సూపర్‌వైజర్‌తో గురువారమే చెప్పాను," అన్నాడు, కాలి బొటనవేలితో నేల రాస్తూ. "జడ నేనే వెయ్యాలట. చిన్నది ఒప్పుకోవట్లేదు."

కోడలు నవ్వింది. నవ్వుతుంటేనే ఏడుపు వచ్చేసింది. ఈసారి దాచుకోలేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. కాలేజీ అమ్మాయికి ఏం చెయ్యాలో తోచక సంచీ కింద పెట్టి ఆవిడ పక్కన కూర్చుంది. ఆ కుర్చీలోంచే కోడలు ఓనరమ్మకి ఫోను చేసి, వస్తున్నానని చెప్పింది.

సోమవారం పొద్దున కోడలు బయల్దేరింది. చేతిలో సొంత కత్తెర, గుడ్డలో చుట్టి. అత్తగారు మోకాలు పట్టుకుంటూ మెట్ల దాకా సాగనంపడానికి వచ్చింది.

"నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా అత్తయ్యా," అంది కోడలు. "ఇన్ని రోజులూ మీరు నామీద కోపంగా ఉన్నారనుకుని ఎంత ఏడ్చానో."

"చెప్తే?"

"చెప్తే ఏముంది, నేనూ ఊరుకునేదాన్నిగా."

"ఊరుకుంటావ్!" అంది అత్తగారు ముక్కుమీద వేలేసుకుని. "మీ మావగారిని లేపడం నాకేం కష్టం కాలేదే. ఎదురింటాయన పేరెత్తితే చాలు, కొండైనా ఎక్కుతారు. వాడంటావా, తండ్రి లేస్తే వాడూ లేస్తాడు. భయమంతా నీతోనే. పాలు పొంగితే లేస్తావు, దుంప సగం పోతే లేస్తావు. మార్కుల కోసం అనుకుంటేనే కుర్చీలో కూర్చోలేకపోయావు. ఇక నీకోసమే అని తెలిస్తే అరక్షణం కూర్చునేదానివా?"

అది నిజం. అత్తగారు కోడలి భుజం మీద దారప్పోగు ఏదో ఉన్నట్టు దులిపింది. అక్కడేమీ లేదు.

లోపల ఏదో పెద్ద చప్పుడైంది. గిన్నె కాదు, గిన్నెల బుట్టే పడినట్టుంది. వెంటనే హెడ్మాస్టరుగారి గొంతు, "ఏం కాలేదు, ఏం కాలేదు!" అని. ఆ వెనకే పాలు మాడిన వాసన. కోడలి కాలు దానంతటదే వెనక్కి తిరిగింది. ఒక మెట్టు పైకెక్కింది కూడా.

అత్తగారు లోపలికి వెళ్ళి, కోడలి ముఖం మీదే తలుపేసింది. లోపలి గడియ కూడా పెట్టింది.

ఇంకెప్పుడైనా అయితే కోడలు అక్కడే కూలబడి ఏడ్చేది. ఇప్పుడు మూసిన తలుపు చూస్తూ నిలబడి పకపకా నవ్వింది. ఎదురింటి పోస్టుమాస్టరు తలుపు తీసి ఏమైందమ్మా అని అడిగారు. "ఏం లేదండీ, పనికి వెళ్తున్నాను," అని చెప్పి, కత్తెర సందిట పెట్టుకుని చకచకా మెట్లు దిగిపోయింది.